ఆవు చెవి

ఎగ్మూరు, పాంథియన్ రోడ్డు, మేడమీద మా క్లినిక్.
అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడిగి చెప్తాను:
"కూత వినబడగానే వేలెత్తండి."
రోజుకి పదకొండు మంది.
వేళ్ళు లేస్తాయి, లేవవు.
కాగితం మీద గీత దిగుతూ పోతుంది.

అళగిరి నాయుడు గారికి డెబ్భై ఒకటి.
పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో, రేకుల షాపులో
ముప్ఫై నాలుగేళ్ళు.
చెవుల్లో దూదైనా పెట్టుకోలేదట.
"పెట్టుకుంటే క్రేను కూత ఇనపడదు గదమ్మణ్ణీ."

రిటైరయ్యాక ఆయన నేర్చుకున్నది
ఎవరూ మాట్లాడని ఈజిప్టు భాష.
"మాట్లాడే బాషలు నాకు సగమే ఇనపడతా ఉండాయి.
దీన్నయితే ఎవురూ గొణగరు."

రిపోర్టు వెనక పెన్సిలుతో ఆవు చెవి గీశాడు,
పక్కన గుడ్లగూబ.
"ఇది సెజెమ్. వినడం.
నేర్చుకునేవాడు మొదట వల్లెవేసే క్రియ ఇదే.
యాడ తిరిగినా ఈ చెవే నా పాలబడింది చూడు."

చెవి తరవాత బుట్ట గీస్తే నువ్వు వింటావు, మగాడివైతే.
పగ్గం గీస్తే నువ్వు వింటావు, ఆడదానివైతే.
కొమ్ముల పాము గీస్తే అతను.
మడత బట్ట గీస్తే ఆమె.
"మన తెలుగు మాదిరే. తోక చూసి మనిషిని పోల్చుకోవాల."

అచ్చులు మాత్రం రాయలేదట వాళ్ళు.
స, జ, మ. అంతే.
నడుమ ఉన్న 'ఎ' తరవాతివాళ్ళు అతికించింది.
నైలు ఒడ్డున ఒక తల్లి బిడ్డని
ఎట్టా కేకేసిందో ఎవడికీ తెలవదు.

నేను ఆయన గీతని మళ్ళీ చూశాను.
ఆయనకి మిగిలినవి అచ్చులు.
ఆ, ఊ, ఓ గుండ్రంగా దొర్లుకుంటూ వస్తాయి.
స, ష, ఫ, త
సుత్తి దెబ్బల కింద రాలిపోయాయి, రేకు తునకలతో పాటు.
ఆ రాతినీ ఈయన్నీ పక్కపక్కన కూర్చోబెడితే
ఒక మాట పూర్తవుతుందేమో.
పైకి అనలేదు. అన్నా సగమే చేరేది.

నోటికి కాగితం అడ్డం పెట్టుకుని "సెజెమెఫ్" అన్నాను.
"ఎవరు విన్నారు?"
"ఎవురో."
"సెజెమెస్."
"ఎవురో ఇన్నారులే."
పాము, మడత బట్ట, రెండూ ఒకే గాలి.

బయట బెంచీ మీద ఆండాళమ్మ,
టిఫిను క్యారియరు ఒళ్ళో పెట్టుకుని:
"ఈయన వినడమ్మా."
చెప్పింది చెవిన పడదనా, చెప్పిన మాట లెక్కచెయ్యడనా?
తెలుగు రెండింటికీ ఒకటే తోక తగిలించి
తప్పుకుంది.

"విన్నాడు అనాలంటే నడాన నీటి అల ఒకటి గీస్తారు.
అది మన 'కి' లాంటిదంటారు.
అతనికి, వినికిడి.
నాకు ఇనపడింది అంటామే, అట్టా.
ఇనేవాడు చేసేదేం లేదు, అదొచ్చి చేరాల."

రెండోసారి పరీక్ష. ఎడమ చెవి. నాలుగు వేలు.
మీట నొక్కాను.
కళ్ళు మూసుకున్నాడు.
మోకాలి మీద చూపుడువేలు
పొలిమేరలో కాపలావాడిలా సిద్ధంగా ఉంది.
ఇంకొంచెం పెంచాను.
కింద రోడ్డు మీద బస్సు బ్రేకు కీచుమంది,
అద్దంలోంచి నాకే వినబడింది.
ఇంకొంచెం.

వెళ్ళేముందు చెప్పాడు:
"వినలేదు వేరు, ఇంకా వినలేదు వేరు.
రెండోదానికి వాళ్ళు సొంతంగా ఒక రూపం కట్టుకున్నారమ్మణ్ణీ.
లేదనే మాట ముందర పెట్టి,
చెవి తరవాత రొట్టె బొమ్మ ఒకటి చేరిస్తే చాల."
మిషను ధర అడిగాడు. వాయిదాలు అడిగాడు.
చీటీని నాలుగు మడతలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

రిజిస్టరులో 'స్పందన లేదు' అని రాయాలి.
రాశాను.
కాసేపాగి, పక్కనే
అర్ధచంద్రం బోర్లించినట్టు చిన్న రొట్టె గీశాను.

సాయంత్రం సంతకాలు పెడుతూ డాక్టరుగారు
కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు:
"ఇదేమిటి, ఇడ్లీనా?"